బొమ్మగదిలో ఊఁ కొట్టేవాడు

నమోదు 61. పప్పుచారు రోజు.

గది వేడి సరిగ్గానే ఉంది. యంత్రాలు మూడూ పనిచేస్తున్నాయి. నేనే పనిచెయ్యడం లేదు.

ఈ ఓడలో ప్రతి గదీ తన నమోదు తను రాసుకోవాలని నియమం. వంటగది వాళ్ళు ఎంత పప్పు నానబోశారో రాస్తారు. నీళ్ళగది వాళ్ళు ఎంత చెమట మళ్ళీ మంచినీళ్ళయిందో రాస్తారు, అది చదివితే ఆ పూట దాహం వెయ్యదు. బొమ్మగదికి నేనొక్కదాన్నే కాబట్టి ఈ రాత నా నెత్తిన పడింది. పేరు మంగతాయారు, పుట్టింది కాకినాడ, చేసేది సినిమా కథలు. గోస్తని అనే ఈ ఓడ గురుగ్రహం దగ్గరి కొత్త ఊరికి చేరేలోపు, ఎక్కినవాళ్ళు విసుగెత్తి ఒకళ్ళ జుట్టు ఒకళ్ళు పట్టుకోకుండా అప్పుడప్పుడూ ఒక కొత్త బొమ్మ ఆడించడం నా ఉద్యోగం. ఆదివారం, సోమవారం అన్న మాటలు ఇక్కడ ఎప్పుడో పోయాయి. మెస్సులో ఏం వండితే ఆ రోజు పేరు అదే.

యంత్రాల సంగతి రాయాలి కదా, రాస్తున్నాను. ఒకటి చిత్రకారి. నోటితో 'వానలో రేవు' అంటే చాలు, గోడ మీద వాన పడుతుంది, రేవులో పడవ తడుస్తుంది, పడవవాడు తల తుడుచుకుంటాడు. నటులు అక్కర్లేదు, లైట్లు అక్కర్లేదు, మధ్యాహ్నం భోజనాల దగ్గర గొడవ లేదు. రెండోది సూత్రధారి. కథంతా విని, ఏ సీను దగ్గర జనం ఆవులిస్తారో, ఏ సీను దగ్గర లేచి నీళ్ళకు పోతారో ముందే చెబుతుంది. అత్తగారిలాగా అది చెప్పేది చాలావరకు నిజమే, చెప్పే తీరే ఒళ్ళు మండిస్తుంది. మూడోది టపా. మన గొంతును సంచిలో కట్టి భూమికి పంపుతుంది, అక్కడి గొంతును తెచ్చి ఇస్తుంది.

ఇన్ని ఉన్నా నాకు కథ కదలదు. ఎందుకంటే నేను కథ రాసేదాన్ని కాను, చెప్పేదాన్ని. చెబుతుంటే ఎదురుగా కూర్చుని ఒకరు ఊఁ కొట్టాలి. చిన్నప్పుడు మా అమ్మమ్మ కూడా అంతే, మేం ఊఁ కొట్టడం మానితే నిద్రపోయామనుకుని కథ ఆపేసేది. నాకు ఊఁ కొట్టే మనిషి భూమి మీద ఉండిపోయాడు. ఆయన పేరు కొమరయ్య.

నమోదు 64. గోంగూర రోజు.

కొమరయ్య గారిది జమ్మికుంట. హైదరాబాదులో, కృష్ణానగర్ సందులో, ఒక మేడమీద గదిలో కూర్చుని ఆయనా నేనూ బోలెడు సినిమాలకు రాశాం. తెర మీద 'కథ, మాటలు: తాయారు–కొమరయ్య' అని పడేది. ఆయన కాగితం మీద ఒక్క అక్షరం పెట్టగా నేను చూడలేదు. నిర్మాతలు నన్ను పక్కకు పిలిచి, "ఆయన ఏం చేస్తారమ్మా?" అని అడిగేవారు. "ఊఁ కొడతారండి," అనేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. నేను నవ్వేదాన్ని కాదు.

మామూలు మనుషుల ఊఁ ఒకటే రకం. ఈయనది అలా కాదు. పొట్టి ఊఁ అంటే కథ నడుస్తోంది, చెప్పుకుపో అని. సాగదీసి కిందికి దించితే, తర్వాత ఏమవుతుందో నాకు తెలిసిపోయింది, మార్చు అని. అసలు ఊఁ రాలేదంటే ఆ సీనులో ఎక్కడో అబద్ధం ఉందన్నమాట. నేను మొండికేసి, "ఏం, ఎందుకు అనరు?" అని నిలదీసేదాన్ని.

"ఆమె గట్ల మాట్లాడదు తాయారమ్మా. అది నువ్వు మాట్లాడుతున్నవ్," అనేవారు.

కోపం ముక్కు మీదే ఉండేది నాకు. రెండు రోజులు మాట్లాడేదాన్ని కాదు. మూడో రోజు ఆ సీను కొట్టేసి కొత్తది చెప్పేదాన్ని, ఆయన ఏమీ జరగనట్టు ఊఁ కొట్టేవారు.

కథ తట్టనప్పుడు ఆయన దగ్గర ఒక చిట్కా ఉండేది. "పోయి లైన్ల నిలబడు. రేషన్ లైన్ల, దవాఖాన లైన్ల, ఏదన్న గానీ. కాళ్ళు నొచ్చినంక మనిషి నిజం మాట్లాడుతడు." ఇక్కడా అదే చేస్తున్నాను. ఇవాళ బట్టలగది వరసలో నిలబడితే, చంద్రుడి మీద పుట్టి పెరిగిన ఒక అమ్మాయి, మీ కొత్త బొమ్మలో రేవు అంటున్నారట, అదేమిటని అడిగింది. నది ఒడ్డున పడవ ఆగే చోటు అన్నాను. "అంత నీళ్ళు అలా బయట వదిలేశారా? ఎవరూ ఏమీ అనలేదా?" అంది. ఈ మాట చెబితే కొమరయ్య గారు ఎలా నవ్వుతారో తలుచుకుంటూ నా బట్టలు తెచ్చుకోవడం మరిచిపోయాను.

నమోదు 70. మళ్ళీ పప్పుచారు.

ఓడ బయల్దేరిన కొత్తలో బాగానే ఉండేది. నేను మాట ముగించి ఊపిరి పీల్చుకునేలోపు భూమి మీంచి ఊఁ వచ్చేది. దూరం పెరిగేకొద్దీ ఆ ఊఁ వెనకబడింది. ఇప్పుడు నా మాట వెళ్ళి ఆయన మాట తిరిగొచ్చేసరికి ఒక వాయి ఇడ్లీ ఉడికి, తినేసి, పళ్ళేలు కడగడం కూడా అయిపోతుంది.

అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాం. నేను సీనంతా చెప్పి సంచి కట్టి పంపుతాను. ఆయన వింటూ తన ఊఁలు నా మాటల మధ్య కలిపి తిప్పి పంపుతారు. ఆలోపు ఓడలో గాలి కోసం పాచి పెంచే తొట్లు నా వంతుకు తుడిచి, వడపోత గుడ్డలు పిండి ఆరేసి వస్తాను. వచ్చి కూర్చుని, నేను చెప్పిన కథ నేనే వింటాను, ఆయన ఊఁ ఎక్కడ పడిందా అని. నా గొంతు ఇంత కర్కశంగా ఉంటుందని నాకు ఇంతకుముందు తెలియదు. పాపం ఆయన ఎలా భరించారో.

ఇప్పుడు రాస్తున్న కథ ఇది. చుక్కమ్మ రేవులో టికెట్లు ఇస్తుంది. రాఘవులు పడవ నడుపుతాడు. ఏళ్ళ తరబడి పొద్దున లేస్తే ఇద్దరూ ఎదురెదురే. నది మీద వంతెన లేచింది, ఇక పడవ అక్కర్లేదు. ఆఖరి రోజు, ఆఖరి దాటింపు. ఆ ఒక్క సీను దగ్గర మా ఇద్దరికీ తగువు. చుక్కమ్మ తన మనసులో మాట నోరు విప్పి చెప్పాలని నేను. వద్దని ఆయన.

"జనానికి ఎరుకున్న ముచ్చట మళ్ళ చెప్పుడెందుకు? టికెట్ చింపి ఆయిన చేతిల పెట్టనీ. చాలు," అని పంపారు.

ఆయన పనిచేసిన సినిమాల్లో ఎవరూ ఎవరికీ ఏదీ తిన్నగా చెప్పరు. జనం ఏడుస్తారు, బయటికొచ్చి బాగుందంటారు. నేను మాత్రం ఈసారి ఒప్పుకోదలచుకోలేదు. "జనానికి తెలుసు సరే. రాఘవులికి తెలుసా?" అని సంచి కట్టాను.

ఇడ్లీ వాయి టైము గడిచాక సంచి తిరిగొచ్చింది. ఆ మాట తర్వాత ఊఁ లేదు.

నమోదు 77. సాంబారు రోజు.

ఓడ నడిపే పెద్దగది నుంచి ప్రకటన వచ్చింది. ఓడ నెత్తి మీద పెద్ద గొడుగులాంటిది ఒకటి ఉంటుంది, మా గొంతులు భూమికి వెళ్ళేది దాని మీదనే. కొత్త ఊరు దగ్గరపడుతోంది కాబట్టి త్వరలో ఆ గొడుగును అటువైపు తిప్పేస్తారట. తిప్పాక మళ్ళీ భూమివైపు తిప్పరు. అందరికీ తలా ఒక ఆఖరి సంచి ఇస్తారు. ఆ తర్వాత చిన్న గొడుగు మీద చీటీలు మాత్రం పోతాయి, అవీ ఒక ముక్కలో, అవీ అప్పుడప్పుడూ. గొంతు ఇక ఉండదు.

మెస్సులో చాలామంది ఏడ్చారు. నేను ఏడవలేదు, రెండో గరిటె సాంబారు పోయించుకున్నాను. గదికి వచ్చాక ఏడ్చాను.

ఇక్కడ ఒక సంగతి రాయాలి, లేకపోతే ఈ నమోదు చదివేవాళ్ళకు నా తిక్క అర్థం కాదు. ఈ ఓడకు మేమిద్దరం కలిసే అర్జీ పెట్టుకున్నాం, జంట రచయితలమని. ఓడ డాక్టరు ఆయన గుండె విని, ఇది ఓడ లేచే కుదుపును తట్టుకోదన్నాడు. నన్ను ఒక్కదాన్నే రమ్మన్నారు. ఆ సాయంత్రం మేడమీద గదిలో ఆయన్ని అడిగాను. "నన్ను వెళ్ళమంటారా?"

ఆయన "ఊఁ" అన్నారు.

ఊఁ అంటే ఒప్పుకున్నట్టే కదా. పెళ్ళిచూపుల దగ్గర్నుంచి పొలం బేరం దాకా లోకంలో ఊఁ అంటే సరే అనే కదా అర్థం. వద్దు అని ఒక్క మాట అంటే, ఓడ వాళ్ళ మొహాన ఆ కాగితాలు కొట్టి ఉండిపోయేదాన్ని. అనలేదు. లేచి పెట్టె సర్దుకున్నాను. అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. నన్నెందుకు పొమ్మన్నారు అని అడగాలని ప్రతి సంచి దగ్గరా అనుకుంటాను. నోటిదాకా వస్తుంది, అంతలో చుక్కమ్మ గురించి ఏదో చెప్పి ముడి వేసేస్తాను. ఇక మిగిలింది ఒక్క సంచి. అందులో సినిమా ముగింపు పంపాలా, ఈ ప్రశ్న పంపాలా అని తేల్చుకోలేక కుడితిలో పడ్డ ఎలకలా కొట్టుకుంటున్నాను.

నమోదు 80. పెసరట్టు రోజు.

నూర్జహాన్ వచ్చింది. యంత్రాలు బాగుచేసే పిల్ల అంటారు గానీ పిల్లేం కాదు, నలభై దాటింది. కర్నూలు మనిషి. టపా పెట్టె తుడుస్తూ నన్ను ఓరగా చూసింది.

"అక్కా, ఏంటికి ఒగదానివే గోడలతో మాట్లాడుకుంటాండావు?"

"గోడలైనా నయం. ఎదురు చెప్పవు," అన్నాను.

"ఊఁ కూడా కొట్టవు కదా," అని నవ్వి, జేబులోంచి చిన్న డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. "పాత సంచులన్నీ టపా కడుపులోనే ఉండాయి. ఆయప్ప ఊఁలన్నీ ఒకటొకటే ఏరి దీనికి నేర్పించినా. నువ్వు కథ చెప్పుకో. యాడ ఆగితే ఆడ ఊఁ కొడ్తాది. గొడుగు తిప్పినా నీకు ఊఁకి కరువు ఉండదు."

"తీసుకుపో," అన్నాను.

"ఊఁ," అంది డబ్బా.

కొమరయ్య గారి గొంతే. పొట్టి ఊఁ. నూర్జహాన్ చప్పుడు చెయ్యకుండా తలుపు వేసుకుని వెళ్ళిపోయింది. డబ్బా బల్ల మీదే ఉంది.

నమోదు 84. వంకాయ కారం రోజు.

ఊఁకొట్టు అని పేరు పెట్టాను దానికి. నాలుగు సీన్లు ఒక్క పూటలో తయారయ్యాయి. సూత్రధారి కూడా నోరు మూసుకుంది, ముగింపు దగ్గర మాత్రం 'ఇక్కడ ఏదో ఖాళీగా ఉంది' అంటుంది. అది నాకూ తెలుసు. అమ్మ పుట్టిల్లు మేనమామకు చెప్పినట్టుంది దీని వరస.

ఊఁకొట్టును పరీక్ష చేద్దామనిపించి, "అప్పుడు చుక్కమ్మ ఒక్క గంతు వేసి వంతెనను నమిలి మింగేసింది," అన్నాను.

"ఊఁ."

"త్రేన్చి, పడవ కూడా తినేసింది."

"ఊఁ."

పడీ పడీ నవ్వాను. నవ్వు ఎక్కడ ఆగిందో తెలియదు, కళ్ళు తుడుచుకుంటుంటే మళ్ళీ అది ఊఁ అంది. కొమరయ్య గారైతే ఈపాటికి చెప్పు వెతుక్కుని టీకి వెళ్ళిపోయేవారు. దీనికి అబద్ధం తెలియదు. నేను ఎక్కడ ఆగితే అక్కడ ఊఁ అనడమే దీనికి తెలుసు. అయినా ఆపబుద్ధి కావడం లేదు. భోజనానికి వెళ్తూ, "మళ్ళీ వస్తా," అంటున్నాను. అది ఊఁ అంటోంది. ఆ గొంతు మీద నాకు ఇంత బెంగ ఉందని భూమి మీద ఉన్నన్నాళ్ళూ నాకే తెలియదు.

నమోదు 88. చింతకాయ పచ్చడి రోజు.

ఘోరం జరిగింది. వరసగా రాస్తాను.

ఇవాళ నాకు ఆఖరి సంచి ఇచ్చారు. చివరికి వృత్తే గెలిచింది. చుక్కమ్మ ముగింపు నా పద్ధతిలో చెప్పి, ఆయనతో ఊఁ అనిపించుకుని తీరాలనుకున్నాను. సంచి తెరిచి పెట్టుకున్నాను. ముందు ఊఁకొట్టుకు ఒకసారి చెప్పి, నోటికి అలవాటయ్యాక ఆయనకు చెబుదామని మొదలుపెట్టాను. టపా అప్పటికే వింటోందన్న సంగతి ధ్యాసలో లేదు.

"ఆఖరి దాటింపు. పడవలో జనం లేరు. చుక్కమ్మ వచ్చి కూర్చుంది."

"ఊఁ."

"రాఘవులు తెడ్డు వేస్తున్నాడు. ఇన్నేళ్ళూ టికెట్లు చింపి ఇచ్చిందే గానీ చుక్కమ్మ ఒక్కసారీ పడవెక్కలేదు. నది మధ్యకు వచ్చాక అంది, రాఘవులూ, నీ పడవ ఆగిపోతుందని కాదు నా ఏడుపు అని."

"ఊఁ."

"రేపు పొద్దున లేచి నేను ఎవరి కోసం తల దువ్వుకోవాలి అంది."

"ఊఁ."

"ఎవరికి చెప్పుకోవాలి కథలు అంది. మేడమీద గదిలో నేను అడిగినప్పుడు నువ్వు ఎందుకు..." చుక్కమ్మకు మేడా లేదు, గదీ లేదు. అయినా ఆగలేదు. "ఎందుకు ఊఁ అన్నారు? వద్దని ఎందుకు అనలేదు? ఒక్క మాట అంటే ఉండిపోయేదాన్ని కదా కొమరయ్య గారూ. ఊరంతా మిమ్మల్ని అన్నా అన్నా అని పిలిచేవాళ్ళు. నేను ఒక్కనాడైనా పిలిచానా? ఎందుకు పిలవలేదో మీకు తెలియదా? ఇక్కడ చీకటి తప్ప ఏమీ లేదు. మీరు లేని చోట నాకు ఏ కథా కథలాగా లేదు. మీరంటే నాకు ఇష్టం. చెప్పాను. చుక్కమ్మ కాదు, నేనే చెప్పాను."

తల బల్ల మీద పెట్టేసుకున్నాను. అప్పుడు టపా తన ఆడగొంతుతో అడిగింది.

"సంచి ముడి వేసి పంపమంటారా?"

నేను తల ఎత్తేలోపు ఊఁకొట్టు అంది, "ఊఁ."

"పంపాను. నమస్కారం," అంది టపా.

నమోదు 89. అదే రోజు.

నూర్జహాన్ పరుగెత్తుకొచ్చింది. విన్నది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఓయమ్మా. టపాకి ఊఁ అంటే సరే అని నేర్పిండేది నేనే అక్కా. తెలుగోళ్ళు అవునని యాడ అంటారు, అందరూ ఊఁ అనే అంటారని. దీనికేమో ఎవరు మాట్లాడి ఆగినా ఊఁ అనమని నేర్పిస్తి. ఈ రెండూ ఒగ గదిలో ఉంటాయనేది నాకు తోచనే లేదు."

"వెనక్కి పిలు," అన్నాను.

"యాడికని పిల్చేది? అది నీ పిలుపు కన్నా ముందు పోతాంది."

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. నా మాట పెదవి దాటి నేరుగా పృథివికే పోతోంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమని పాచి తొట్లు తుడవడానికి వెళ్ళాను. నా వంతు కాదు. వంతు ఎవరిదో వాళ్ళు దణ్ణం పెట్టి ఇచ్చేశారు. తుడుస్తూ అనుకున్నాను, ఇప్పుడు ఆయన కళ్ళజోడు తీసి పక్కన పెట్టి ఉంటారు, ఇప్పుడు చుక్కమ్మ పడవెక్కి ఉంటుంది, ఇప్పుడు మేడ అన్న మాట దగ్గర తల పైకెత్తి ఉంటారు. సిగ్గుతో చెవులు కాలాయి. అంతకన్నా భయం ఎక్కువ. ఆయన ఏమీ అనకపోతే, ఆ మౌనమే నేను కొత్త ఊరికి మోసుకుపోవాలి.

ఇడ్లీ వాయి టైము గడిచింది. సంచి రాలేదు. ఇంకో వాయి గడిచింది. రేపు మజ్జిగ పులుసు తిన్నాక గొడుగు తిప్పుతారట.

నమోదు 90. మజ్జిగ పులుసు రోజు.

మెస్సుకు వెళ్ళలేదు. నూర్జహాన్ పళ్ళెం ఇక్కడికే తెచ్చింది. ఇద్దరం టపా ముందు కూర్చున్నాం. అన్నం చల్లారిపోయాక సంచి పడింది.

నా గొంతు వస్తుందనుకున్నాను, మధ్యలో ఆయన ఊఁలు ఉంటాయనో ఉండవనో అనుకున్నాను. నా గొంతు రాలేదు. మొదటి నుంచీ ఆయన గొంతే.

"తాయారమ్మా, మంచిగున్నవా? ఇయ్యాల నువ్వు చెప్పకు. నేను చెప్త. నువ్వు ఊఁ కొట్టు. నడుమ నడుమ జాగ ఇడుస్త."

అని ఆగారు.

"ఊఁ," అంది ఊఁకొట్టు, ఆయన గొంతుతోనే, ఆయనకే.

నాకు ఒళ్ళు తెలియలేదు. లేచి ఆ డబ్బాను చేతిలోకి తీసుకున్నాను. పగలగొట్టేదాన్నే. నూర్జహాన్ లాక్కుని తీగ పీకేసింది. "నువ్వే కొట్టక్కా," అంది.

"ఊఁ," అన్నాను. ఎన్నడూ ఎవరికీ కొట్టలేదు నేను. గొంతులో అది ఎక్కడి నుంచి రావాలో కూడా తెలియలేదు.

"నిన్న నీ సంచి ఇన్న. రెండుసార్లు ఇన్న. అందుకే ఆలస్యమయింది. చెప్పుడు నాకు చాతగాదు, ఎరుకే కదా."

"ఊఁ."

"నువ్వు ఆ పొద్దు అడిగినవ్, ఎళ్ళమంటారా అని. నేను ఊఁ అన్న. నువ్వేమో పొమ్మన్నడు అనుకున్నవ్. గది సరే అనే ఊఁ కాదు తాయారమ్మా."

అక్కడ జాగా వదిలారు. నాకు ఊఁ రాలేదు. నూర్జహాన్ నా చెయ్యి పట్టుకుంది.

"ఇన్నేండ్లు నీ కథలు ఇన్న. నీ కథల ఆడమనిషి ముందుగాల పోత అంటది. ఆయిన ఊఁ అంటడు. అయినంక ఆమె గడప కాడ తిరిగి, పోను అంటది. నీకు గా సీనంటె మస్తు ఇష్టం. నువ్వు తిరిగే సీను చెప్తవనుకున్న. అయినంక ఏమంటవో చెప్పు అని ఊఁ కొట్టిన. నువ్వు ఆడ్నే ఆపినవ్. పెట్టె సదురుడు షురూ చేసినవ్. కథ నీది, నడుమల నేనెట్ల మాట్లాడాలె అని ఊకున్న. నా అసొంటి పాగల్ గాడు ఇంకోడు ఉండడు."

"ఊఁ," అన్నాను. ఏడుస్తూ అన్నాను, అది ఊఁలాగా వినపడిందో లేదో.

"నిన్ను పొమ్మని నేను ఎన్నడు అనలే. ఇప్పుడు సుత అంటలేను. నువ్వంటే నాకు పానం. జనానికి ఎరుకున్నదే అని ఇన్నొద్దులు నోరు మూసుకున్న. నీకు ఎరుకుందో లేదో అడుగలే. చుక్కమ్మ తోని చెప్పియ్యి. నేను తప్పు చెప్పిన, నువ్వే కరెక్టు."

మళ్ళీ జాగా. ఈసారి చాలా సేపు. ఆయన గది కింద సందులో ఎవరో ఉల్లిపాయలు అమ్ముతున్న కేక వినిపించింది. ఆయన ఊపిరి వినిపించింది. ఇంకా ఏదో చెప్పబోయి గొంతు సవరించుకున్నారు.

"అప్పుడు నేను మేడ దిగి, నీ ఎంట స్టేషన్ దాకా వచ్చిన. నువ్వు చూడలే. ఆ రోజు..."

సంచి నిండిపోయింది. గోడకు ఏదో మెల్లగా ఒరిగినట్టయింది, నేల కొద్దిగా వంగింది, మజ్జిగ పులుసు గిన్నె ఒక పక్కకు జరిగింది. గొడుగు తిప్పారు.

నమోదు 96. పులిహోర రోజు.

నిన్న బొమ్మ ఆడించాం. చుక్కమ్మతో చెప్పించాను, నది మధ్యలో, నా మాటల్లోనే. ఆ సీను దగ్గర జనం నీళ్ళకు లేస్తారని సూత్రధారి చెప్పింది. ఎవరూ లేవలేదు. 'కథ, మాటలు: తాయారు–కొమరయ్య' అని పడ్డప్పుడు ఈలలు వేశారు. నాకు సంతోషంగా లేదు. పక్క కుర్చీ ఖాళీగా పెట్టించుకుని కూర్చున్నాను, అంతే.

ఇవాళ చీటీల వంతు వచ్చింది. చిన్న గొడుగు మీద ఒక ముక్క పంపొచ్చు. ఏం రాయాలా అని ఈ రోజులన్నీ ఆలోచించాను. నేనూ మిమ్మల్ని వదిలి రావాలనుకోలేదు అని రాయొచ్చు. ఇంకొక్కసారి మీరు ఊఁ అని ఉంటే గడప దగ్గర తిరిగేదాన్ని అని రాయొచ్చు. నిజంగానే తిరిగేదాన్ని. రాసినవి చాలావరకు ముక్కలో పట్టలేదు, పట్టినవి నాకు నచ్చలేదు. ఆయన కథ మధ్యలో ఆగిపోయి ఉంది. స్టేషన్ దాకా వచ్చిన మనిషి ఏమయ్యాడో నాకు తెలియాలి. ఆయన ఒక్కొక్క ముక్కే పంపాలి, ఒక్కొక్క ముక్క రావడానికి ఎన్నాళ్ళు పడుతుందో. మేమిద్దరం అన్నాళ్ళు ఉంటామో లేదో. ఉన్నన్నాళ్ళు వింటాను.

చీటీల కిటికీ దగ్గర నూర్జహానే కూర్చుంది. నేను ఇచ్చింది చూసి, నా మొహం చూసింది.

"ఇంతేనా అక్కా? ఉత్త ఊఁ?"

"అంతే."

"చీటీకి రకం చెప్పాల. సమ్మతా, కబురా, ఇంగేమన్నానా? ఊఁ అంటే ఏమని వేసుకునేది? సరే అని ఒప్పుకున్నట్టా?"

"కాదు నూర్జహాన్," అన్నాను. "ఇంకా చెప్పమని."